పని చూసి పురుగును పోల్చుకోవడం

కాశీబుగ్గ దాటి వజ్రపుకొత్తూరు వైపు వెళ్లే దారిలో ఏ జీడితోటలోకైనా నాలుగడుగులు వేసి నిలబడండి. పురుగు ఒక్కటీ చటుక్కున కంటపడదు. కనిపించేవన్నీ పురుగులు చేసిపెట్టిన పనులే. ఒక కొమ్మన పది ఆకులు దగ్గరకు లాగి కుట్టి ఉంటాయి. పక్క కొమ్మన చిగురు మాడి వేలాడుతుంటుంది. కాండం మొదట్లో ఎర్రటి పిప్పి రాలి ఉంటుంది. మోటారు షెడ్డు గోడ మీద మట్టితో కట్టిన బుల్లి కుండ, చూరు కింద ఇసుకలో గుంటలు, గట్టున ఉన్న కొబ్బరి మట్టకు రెండు పక్కలా ఒకే కొలతలో కోతలు. చేసినవాళ్ల జాడ మాత్రం ఉండదు. కొందరు రాత్రిపూటే తిరుగుతారు, కొందరు ఆకు అడుగున బతుకుతారు, కొందరు చెట్టు లోపలే పెరిగి పెద్దవుతారు, కొందరు మిల్లీమీటరు కూడా ఉండరు.

తోటలో పురుగుల్ని పోల్చుకోవాలన్న ఆసక్తి ఉన్నవాళ్లు ముందు పనిని చూడాలి, పనివాణ్ణి ఆ తర్వాత వెతకాలి. రెక్కలెన్ని, కాళ్లెన్ని, మీసాలు ఎలా ఉన్నాయన్న లెక్క ఎలాగూ కావాలి. అయితే పురుగు ఎగిరిపోతుంది, పని మిగిలి ఉంటుంది. కన్నం గుండ్రంగా ఉందా, చీలిక పడిందా? పట్టు తెల్లగా శుభ్రంగా ఉందా, విసర్జనతో నల్లబడి ఉందా? మట్టిగూట్లో దాచినవి గొంగళి పురుగులా, సాలీళ్లా? ఏ జాతి పనితనం ఆ జాతిదే. తల్లి నేర్పకుండానే ప్రతి తరమూ అదే కొలతతో, అదే వరసతో చేస్తుంది. పురుగు పేరు తెలిశాక కలిగే ఆనందం ఒక ఎత్తు, అది ఇంత చక్కగా ఎలా చేసిందో అర్థమయ్యాక కలిగే ఆనందం మరో ఎత్తు.

మన నేల పురుగుల్ని ఇలా ఓపికగా చూసి రాసినవాళ్లు వందేళ్ల కిందటే ఉన్నారు. మద్రాసు ప్రభుత్వ కీటక శాస్త్రవేత్తగా పనిచేసిన టి. బైన్‌బ్రిగ్ ఫ్లెచర్ 1914లో ‘సమ్ సౌత్ ఇండియన్ ఇన్‌సెక్ట్స్’ అనే పెద్ద పుస్తకం తెచ్చాడు. పురుగు రూపం, అది తినే మొక్కలు, గుడ్డు నుంచి రెక్కలొచ్చే దాకా దాని బతుకు, పక్కన బొమ్మలు. అప్పటికి పలాస, టెక్కలి, సోంపేట అన్నీ మద్రాసు ప్రెసిడెన్సీ గంజాం జిల్లాలోనివే. 1940లో టి.వి. రామకృష్ణ అయ్యర్ దక్షిణ భారత వ్యవసాయ కీటకాల మీద చేతిపుస్తకం రాశారు. ఇప్పటికీ ఆ రెండూ తిరగేయదగ్గ పుస్తకాలే.

ఇక తోటలోకి వద్దాం. మొదట చెప్పుకోవాల్సింది ఎర్రచీమ గురించే. శాస్త్రం దీన్ని ఈకోఫిల్లా స్మరాగ్డినా అంటుంది. 1775లో కీటక శాస్త్రవేత్త ఫాబ్రీషియస్ పెట్టిన జాతి పేరు అది. జీడి, మామిడి, పనస, ఏ చెట్టయినా దానికి ఇల్లే. నేల మీద పుట్ట పెట్టదు, చెట్టు తొర్రలో దూరదు. బతికున్న పచ్చటి ఆకుల్ని కొమ్మ మీద ఉండగానే వంచి, అంచుకు అంచు చేర్చి, పట్టుతో అతికి గది కడుతుంది.

ఎలా కడుతుందో దగ్గరగా నిలబడి చూడాలి. మొదట ఒకటి రెండు చీమలు ఆకు అంచును పళ్లతో పట్టి లాగి చూస్తాయి. ఎక్కడ కాస్త లొంగితే మిగతావి అక్కడికి చేరతాయి. వెనక కాళ్లు ఒక ఆకు మీద ఊని, దవడలతో రెండో ఆకు అంచును పట్టుకుని, పక్కపక్కన బారు తీరి అన్నీ ఒకేసారి వెనక్కి లాగుతాయి. రెండు ఆకుల మధ్య ఎడం ఒక చీమ పొడవు కన్నా ఎక్కువైతే గొలుసు కడతాయి. ముందున్న చీమ ఆకును పట్టుకుంటే, దాని సన్నటి నడుమును వెనకది పళ్లతో పట్టుకుంటుంది, దాని నడుమును ఇంకొకటి. అలాంటి గొలుసులు పక్కపక్కన అనేకం ఏర్పడి లాగుతుంటే ముదురు జీడాకు కూడా వంగుతుంది. వంగిన ఆకును అలాగే గంటల తరబడి బిగబట్టి ఉంచుతాయి. పనిచెప్పే మేస్త్రీ ఎవరూ లేరు. లొంగిన చోట బలం పెరగడం, లొంగని చోట వదిలేయడం, ఈ రెండు సూత్రాలతోనే కట్టడమంతా సాగుతుంది.

ఆకులు దగ్గరకు వచ్చాక కుట్టడం మొదలవుతుంది. పెద్ద చీమల నోట్లో పట్టు ఉండదు. పట్టు ఉన్నది పిల్లపురుగుల దగ్గర. అందుకని పాత గూటి నుంచి ఎదిగిన పిల్లపురుగులను దవడల మధ్య సుతారంగా పట్టుకుని తెస్తాయి. పిల్లపురుగు తలను ఒక ఆకు అంచుకు ఆనించి, మీసాలతో దాని తలను తాకుతాయి. అది పట్టు వదులుతుంది. వెంటనే తలను రెండో ఆకు అంచుకు చేరుస్తాయి. పొందూరు మగ్గం మీద నాడె ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు తిరిగినట్టు ఆ పిల్లపురుగు రెండు ఆకుల మధ్య తిరుగుతూనే ఉంటుంది. పోగు మీద పోగు పడి, కాసేపటికి తెల్లటి గుడ్డ తయారవుతుంది. దగ్గరి చీమ జాతులు చాలావాటిలో పిల్లపురుగు తన పట్టుతో తన చుట్టూ కోశం కట్టుకుని అందులో నిద్రపోతుంది. ఎర్రచీమ పిల్లకు ఆ భాగ్యం లేదు. ఉన్న పట్టంతా ఊరి ఇంటికి ఇచ్చేసి, తాను కోశం లేకుండానే ప్యూపా అవుతుంది. అన్ని అంతస్తుల ఆ గూడు పిల్లల పట్టుతో నిలబడిందన్న సంగతి నన్ను ఎప్పుడూ ఆశ్చర్యపరుస్తుంది.

ఈ పనితనం చూసి అబ్బురపడింది మనమే కాదు. 1770లో కెప్టెన్ కుక్‌తో ఆస్ట్రేలియా తీరం చేరిన జోసెఫ్ బ్యాంక్స్ చీమలు కలసి ఆకులు వంచడాన్ని తన దినచర్యలో రాసుకున్నాడు. పిల్లపురుగుల్ని పనిముట్లుగా వాడటాన్ని 19వ శతాబ్దం చివర్లో సింగపూర్‌లో హెన్రీ రిడ్లీ చూసి రాశాడు. అంతకన్నా ఎంతో ముందు, క్రీ.శ. 304 నాటిదని చెప్పే చైనా గ్రంథంలో, నారింజ తోటల్లో పురుగుల బెడద పోవడానికి ఈ చీమల గూళ్లను సంతలో అమ్మేవారని ఉంది. మన పొరుగునే ఒడిశా మయూర్‌భంజ్‌లో ఈ చీమలతో నూరే పచ్చడికి 2024 జనవరిలో భౌగోళిక గుర్తింపు వచ్చింది.

గూడు కట్టేవి ఇంకా ఉన్నాయి కనుక పోల్చుకునేటప్పుడు జాగ్రత్త అవసరం. జీడి చిగుళ్లను, పూతను పట్టుతో చుట్టి గూడు చేసుకునే గొంగళి పురుగు ఉంది. దాని గూట్లో ఆకులు ఎండి, గీకి తిన్న గుర్తులతో, విసర్జన గుళికలతో నిండి ఉంటాయి. పోగులు అడ్డదిడ్డంగా ఉంటాయి. ఎర్రచీమ గూట్లో ఆకులు పచ్చగా ఉంటాయి, పట్టు అంచుల వెంట మాత్రమే గట్టి గుడ్డగా పరచి ఉంటుంది, లోపల చెత్త ఉండదు. దూరం నుంచి చూస్తే రెండూ ఆకుల ముద్దలే. ఒకటి పంటను తినేది, రెండోది పంటను తినేవాటిని తినేది. రెంటినీ ఒకే కర్రతో దులిపేవాళ్లను చూసినప్పుడు మనసు కలుక్కుమంటుంది.

ఎర్రచీమల బారులో అప్పుడప్పుడు ఒక చీమ బారుకు కాస్త దూరంగా నడుస్తుంటుంది. అదే రంగు, అదే సన్నటి నడుము, అదే పొడవు. కాళ్లు లెక్కపెట్టండి. ఎనిమిదుంటాయి. ముందరి కాళ్ల జతను పైకెత్తి మీసాల్లా కదిలిస్తూ నడిచే సాలీడు అది. దాన్ని కదిలిస్తే పోగు వదిలి కిందకు జారుతుంది, చీమ ఏనాడూ ఆ పని చేయదు. మగదానికి ముందు వైపు పొడవైన కోరలు బయటకు పొడుచుకొచ్చి ఉంటాయి. చీమలంటే పక్షులకు, ఇతర పురుగులకు భయం కాబట్టి చీమ వేషంలో ఉంటే దానికి రక్షణ. ఇంకో సాలీడు ఇదే వేషం వేసి చీమల్నే పట్టి తింటుంది. రంగు చూసి పేరు పెడితే రెంటినీ చీమల ఖాతాలోనే వేస్తాం. నడక చూస్తే ఆ పొరపాటు జరగదు.

జీడి రైతుకు నిద్ర పట్టనివ్వనిది టీ దోమ. పేరులో దోమ ఉన్నా అది దోమ కాదు, మొక్కల రసం పీల్చే నల్లుల జాతిది, హెలోపెల్టిస్ ఆంటోనీ. నల్లటి తల, ఎర్రటి మెడ భాగం, పొడవాటి సన్నటి కాళ్లు, తన ఒంటి కన్నా పొడవైన మీసాలు. వీపు మీద గుండుసూది గుచ్చి వదిలేసినట్టు ఒక ముల్లు, దాని కొసన గుండ్రటి బుడిపె. ఆ ముల్లు కనబడితే ఇంకేమీ చూడక్కర్లేదు. అయితే పగటి ఎండలో దాన్ని చూడగలగడమే కష్టం, అలికిడికి ఆకు చాటుకు పోతుంది. అందుకే మళ్లీ పని దగ్గరకే రావాలి. చిగురు, పూత కాడ, లేత గింజ మీద మూతి గుచ్చి ఉమ్మి వదిలి రసం పీలుస్తుంది. గుచ్చిన చోట మొదట తడి మచ్చ, బంక చుక్క, తర్వాత పొడవాటి నల్లమచ్చ. మచ్చలు కలిసిపోయి రెమ్మ మొత్తం మాడుతుంది. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా కొత్త చిగురు, పూత వచ్చే రోజుల్లో దీని పని జోరుగా సాగుతుంది. కన్ను నిలిపి చూస్తే లేత కాడ మీద జంటగా, ఒకటి పొడవు ఒకటి పొట్టిగా, తెల్లటి వెంట్రుకలు పొడుచుకొచ్చి ఉంటాయి. గుడ్డు మొత్తం కాడ లోపల దిగబడి ఉంటుంది, బయట మిగిలినవి ఆ రెండు పోగులే. భూతద్దం పట్టుకుని ఆ జంట పోగుల్ని గుర్తుపట్టగలిగినవాళ్లు, మాడు కనిపించక ముందే టీ దోమ వచ్చిందని చెప్పగలరు.

ఈ దోమకు ఎర్రచీమకు పడదు. ఉత్తర ఆస్ట్రేలియా జీడితోటల్లో రెంకాంగ్ పెంగ్, కీత్ క్రిస్టియన్ అనే శాస్త్రవేత్తలు ఏళ్ల తరబడి చేసిన పరిశీలనల్లో, ఎర్రచీమలు దండిగా ఉన్న చెట్ల మీద ఈ జాతి పురుగుల నష్టం బాగా తగ్గిందని తేలింది. చీమల్ని తోటలో పెంచే పద్ధతినే వాళ్లు రూపొందించారు. గింజలు ఏరే ఆడవాళ్లకు చీమ కాటు బాధ ఉందన్నది నిజం. చీమలు పిండినల్లిని తేనె కోసం కాపాడతాయన్నదీ నిజం. అయినా చెట్టు మీద ఎర్రచీమ గూడు ఉంటే దాన్ని కాల్చే ముందు ఆ చెట్టు చిగుళ్లను, చీమ లేని చెట్టు చిగుళ్లను పక్కపక్కన పెట్టి చూడమంటాను.

కాండం మొదట్లో రాలిన ఎర్రపిప్పి, దాంతో పాటు కారిన బంక, ఇవి కాండం, వేరు తొలిచే పెంకుపురుగు పిల్ల చేసినవి. నెలల తరబడి బెరడు కింద సొరంగం తవ్వుతుంది. చెట్టు ఆకులు పసుపుబారే సరికి లోపలి పని చాలావరకు పూర్తయి ఉంటుంది. ఎండిన జీడి చెట్టును నరికి చీల్చినప్పుడు సొరంగం చివర గుడ్డు ఆకారంలో, తెల్లగా, గట్టిగా సున్నపు డొల్ల దొరుకుతుంది. చెక్క తిని బతికిన పిల్ల తన నిద్రకు సున్నంతో గది కట్టుకుంది. దాన్ని వేలితో నొక్కి చూడండి, అంత తేలికగా పగలదు. చెట్టును చంపిన పురుగే అయినా ఆ డొల్ల పనితనం ముందు ఒక్క క్షణం ఆగాల్సిందే.

ఇప్పుడు షెడ్డు గోడ మీది మట్టి పని. మట్టిగూళ్లు కట్టే కందిరీగల్లో మన దగ్గర రెండు తరహాలు తేలిగ్గా కనిపిస్తాయి. మొదటిది కుండ కట్టేది. నీళ్లు తాగొచ్చి పొడిమట్టి మీద వదిలి, దవడలతో పిసికి ఉండ చేసి, ఆ ఉండను గోడకు చేర్చి అంచుగా సాగదీస్తుంది. ఉండ మీద ఉండగా పెరిగి గుండ్రటి కుండ అవుతుంది. చివర్లో మూతికి విచ్చుకున్న సన్నటి అంచు పెడుతుంది. ఇందులో నాకు అన్నిటికన్నా నచ్చేది ఆ తర్వాతి వరస. ఆహారం తేక ముందే, కుండ ఖాళీగా ఉండగానే, లోపలి కప్పు నుంచి సన్నటి పోగుతో ఒక గుడ్డును వేలాడదీస్తుంది. ఆ తర్వాత గొంగళి పురుగుల్ని కుట్టి, చంపకుండా కదలకుండా చేసి, ఒక్కొక్కటే తెచ్చి నింపుతుంది. కింద అవి కొంచెం మెసిలినా పైన వేలాడే గుడ్డు నలగదు. ఫ్రాన్సు కీటక పరిశీలకుడు ఫాబ్ర్ ఈ వేలాడే గుడ్డును గురించి ఎంతో మురిపెంగా రాశాడు. నిండాక మూతి మూసేసి వెళ్లిపోతుంది, తిరిగి చూడదు.

రెండోది పొడవాటి మట్టి గొట్టాల్ని పక్కపక్కన పేర్చి, పైన మట్టి పూసేది. దాన్ని విప్పి చూస్తే లోపల గొంగళి పురుగులుండవు, సాలీళ్లుంటాయి. కర్రపుల్లలా సన్నటి పసుపు నడుముతో తిరిగే ఈ కందిరీగల్లో ఒకదానికి 1781లో ఫాబ్రీషియస్ మద్రాసు పేరే పెట్టాడు, స్కెలిఫ్రాన్ మద్రాస్‌పటానం. గోడ మీది మట్టిగూట్లో ఉన్న సరుకు చూస్తే చాలు, కట్టినవాళ్లు ఎవరో తేలిపోతుంది.

మన పెద్దలు చెప్పిన భ్రమరకీటక న్యాయం ఇక్కడి నుంచి వచ్చిందే. భ్రమరం ఒక పురుగును తెచ్చి గూట్లో పెట్టి కుడుతుందట, ఆ పురుగు భయంతో భ్రమరాన్నే తలచి తలచి చివరికి భ్రమరమే అవుతుందట. ఆ మాట చెప్పినవాళ్లు గూటి ముందు ఎంత ఓపికగా కూర్చున్నారో ఆలోచించండి. లోపలికి వెళ్లింది పురుగు అన్నదీ, బయటికొచ్చింది భ్రమరం అన్నదీ రెండూ వాళ్లు సరిగ్గానే చూశారు. కప్పు నుంచి వేలాడే ఆ గుడ్డొక్కటే వాళ్లకు కనిపించలేదు. వేదాంతానికి ఉపమానం దొరికింది, గుడ్డు రహస్యం ఎవరో గూడు విప్పి చూసే దాకా ఆగింది.

పెరట్లో కూరపాదుల దగ్గర కూడా ఇదే సూత్రం పనిచేస్తుంది. చుక్కల పెంకుపురుగుల్ని అన్నిటినీ అక్షింతల పురుగు అనే అంటాం. వాటిలో పేనుబంకను తినేవి ఉన్నాయి, వంగ ఆకును తినేవీ ఉన్నాయి. వంగ ఆకు మీద ఈనెలు మాత్రం మిగిల్చి పచ్చదనాన్ని వరసలు వరసలుగా గీకి ఉంటే అది పంటను తినేది. దాని వీపు మెరవదు, సన్నటి నూగు ఉంటుంది, ఇరవై ఎనిమిది చుక్కల దాకా ఉంటాయి. మెరిసే వీపుతో పేనుబంక మధ్య తిరుగుతున్నది మనదే, దాన్ని వదిలేయాలి. గులాబీ, కంది ఆకుల అంచున వృత్తంలో ముక్క లేచిపోయి, కోత అంచు నున్నగా ఉంటే గొంగళి పురుగును వెతకొద్దు. ఆకు ముక్కలతో పిల్లల గదులు కట్టుకునే ఒంటరి తేనెటీగ పని అది. గోడలకు కోలగా, మూతలకు గుండ్రంగా, రెండు కొలతల్లో కత్తిరిస్తుంది.

ఈ తోటలున్న ఉద్దానం ప్రాంతం ఇసుక నేల కాబట్టి చూరు కింద, కొబ్బరి మొదళ్ల దగ్గర గరాటు గుంటలకు లోటుండదు. వెనక్కి నడుస్తూ సుడి తిరిగి ఆ గుంట తవ్విన పురుగు అడుగున ఇసుకలో దాక్కుని దవడలు మాత్రం బయటపెట్టి ఉంటుంది. గుంట వాలు సరిగ్గా ఇసుక జారిపోవడానికి ఒక్క రేణువు దూరంలో ఉంటుంది. చీమ కాలు పెడితే చాలు, కిందికి జారుతుంది. జారకపోతే పురుగు తలతో ఇసుక చిమ్మి జారేలా చేస్తుంది. పెద్దయ్యాక తూనీగను తలపించే పొడవాటి రెక్కల పురుగై రాత్రిళ్లు దీపం దగ్గరకు వస్తుంది. ఆ రెంటినీ ఒకే ప్రాణి అని చెప్తే మొదట ఎవరూ నమ్మరు. ఇక ఆరుద్ర కార్తెలో తొలి వానలకు ఇసుక మీద నడిచే మఖమలు ఎరుపు ఆరుద్ర పురుగుకు కాళ్లు ఎనిమిది. సాలీళ్ల బంధువే గాని కీటకం కాదు. పిల్లలకు కాళ్లు లెక్కపెట్టడం నేర్పడానికి దాన్ని మించిన పాఠం లేదు.

కొబ్బరి దగ్గర చివరికి రావాలనుకున్నాను, ఎందుకంటే ఉద్దానానికి కొబ్బరి అంటే ప్రాణం. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ తుపాను లక్షల చెట్లను నేలకూల్చింది. కూలిన మొద్దులు కుళ్లితే అక్కడ కొమ్ము పురుగు గుడ్లు పెడుతుంది. పేడకుప్పలు, కుళ్లిన మొద్దులే దాని పిల్లల పొలం. పెద్ద పురుగు ఇంకా విచ్చుకోని మొవ్వులోకి తొలుచుకుని దిగుతుంది. అప్పుడు బయటికి కనిపించేది ఒక్క కన్నమే. మొవ్వు మట్టగా విప్పుకున్నాక, మడతల్లో పడిన ఆ ఒక్క కన్నం రెండు పక్కలా వరసగా, ఒకే కోణంలో త్రికోణపు కోతలుగా తెరుచుకుంటుంది. ఎవరో కొలిచి కత్తిరించారన్న భ్రమ కలుగుతుంది. ఆ కోతలు ఉన్న మట్ట వయసును బట్టి పురుగు ఎన్నాళ్ల కిందట మొవ్వులో దిగిందో కూడా అంచనా వేయవచ్చు.

ఇప్పుడు అందరి నోటా ఉన్నది తెల్లదోమ. సర్పిలాకార తెల్లదోమల్లో మొదటిది 1993లో కేరళకు వచ్చింది, అది జామ మొదలుగా అనేక మొక్కల మీద చేరింది. కొబ్బరిని పట్టుకున్నది రెండోది, అల్యూరోడికస్ రుగియోపర్‌క్యులాటస్. 2016లో తమిళనాడు పొల్లాచ్చి కొబ్బరితోటల్లో మన దేశంలో మొదటిసారి కనిపించి, తీరం వెంట పైకి పాకింది. ఆకు అడుగున ఆడపురుగు సుడి తిరుగుతూ గుడ్లు పెట్టి, వాటి మీద తెల్లటి మైనపు పొడి చల్లుకుంటూ పోతుంది. ఆ సుడి వల్లే దాన్ని గుర్తుపడతాం. తర్వాత కేరళలో బయటపడిన మూడో తెల్లదోమ ఇంకా చిన్నది, సుడి పెట్టదు, తన చుట్టూ మైనపు నూలుతో గూడు అల్లి మధ్యలో కూర్చుంటుంది. మూడూ తెల్లగానే ఉంటాయి కాబట్టి మైనం పరిచిన తీరే పోల్చుకోవడానికి ఆధారం.

ఇవి విడిచే తీపి రసం కింది ఆకుల మీద పడి, దాని మీద నల్లటి మసి బూజు పెరుగుతుంది. రైతు మొదట చూసేది ఆ మసినే. “ఏటి బావూ ఈ మసి? ఏ మందు కొట్టాలి?” అన్నదే మొదటి ప్రశ్న. ఆ ప్రశ్నకు జవాబు చెప్పే ముందు ఒక ఈనె తెంపి, వెనక్కి తిప్పి, పది రెట్లు పెద్దగా చూపే భూతద్దం కింద పెట్టాలి. ఆకుకు అంటుకుని దోమ పిల్లల ఖాళీ గుల్లలుంటాయి. కొన్నిటి వీపు మీద చీలిక ఇంగ్లీషు ‘టీ’ అక్షరం ఆకారంలో ఉంటుంది. అందులోంచి తెల్లదోమ బయటికొచ్చింది. కొన్ని గుల్లలు నల్లబడి, వీపు మీద గుండ్రటి కన్నంతో ఉంటాయి. అందులోంచి వచ్చింది తెల్లదోమ కాదు, ఎన్‌కార్సియా గ్వాడెలూపే అనే కందిరీగ జాతి జీవి, ఒక మిల్లీమీటరు కన్నా చిన్నది. తెల్లదోమ పిల్ల ఒంట్లో గుడ్డు పెడుతుంది, దాని పిల్ల లోపలే తిని పెరుగుతుంది, చివరికి గుండ్రంగా కొరికి బయటికొస్తుంది. దాన్ని ఎవరూ ప్రయోగశాలలో పెంచి తెచ్చి వదలలేదు, తెల్లదోమ వెంటే తానూ వచ్చి చేరింది. ఆ గుండ్రటి కన్నం అంచును చూడండి. ఒక మిల్లీమీటరులో ఎన్నో వంతో ఉండే ఆ అంచు ఎక్కడా తెగకుండా, చిట్లకుండా నున్నగా ఉంటుంది. ఉద్దానం తోటల్లో నేను చూసిన పనులన్నిటిలోనూ, ఎర్రచీమ గూడు సహా, పనితనంలో దీనికే మొదటి స్థానం ఇస్తాను. అంత చిన్న దవడలతో అంత నిఖార్సైన వలయం!

ఆ ఈనె మీదే ఇంకో పనీ కనిపించవచ్చు. సన్నటి తెల్లపోగు చివర గుడ్డు నిలబడి ఉంటే అది అల్లిక రెక్కల పురుగుది. పొట్ట చివరను ఆకుకు ఆనించి ఒక చుక్క జిగురు వదులుతుంది, పొట్టను పైకెత్తుతూ ఆ చుక్కను పోగుగా సాగదీస్తుంది, అది గాలికి గట్టిపడగానే కొసన గుడ్డు పెడుతుంది. చీమలకు అందదు, ముందు పుట్టిన తోబుట్టువులకూ అందదు. కొరియా, చైనా బౌద్ధాలయాల్లో విగ్రహాల మీద ఇలాంటి పోగుల వరస కనిపిస్తే, మూడువేల ఏళ్లకోసారి పూసే ఉదుంబర పుష్పమని, అంటే మన మేడిపువ్వేనని భక్తులు బారులు తీరారు. గుడ్డులోంచి వచ్చిన పిల్ల మాత్రం తాను తిన్న పురుగుల తోళ్లను, మైనపు పొడిని వీపు మీద మోస్తూ చెత్త పోగులా నడుస్తుంది. నడిచే చెత్తను చూస్తే నలపకండి. తెల్లదోమ గుడ్లను, పిల్లల్ని తినేది అదే.

బెంగళూరులోని జాతీయ వ్యవసాయ కీటక వనరుల సంస్థ శాస్త్రవేత్తలు ఈ తెల్లదోమ మీద రసాయన మందులు కొట్టవద్దని మొదటి నుంచీ చెబుతున్నది ఆ గుండ్రటి కన్నాల లెక్క చూసే. మందు కొడితే మైనం కింది తెల్లదోమ కొంత తప్పించుకుంటుంది, బయట తిరిగే మిల్లీమీటరు మిత్రుడు ముందు చస్తాడు. ఉద్దానం రైతులకు, తోటలున్న పాఠకులకు నా విన్నపం ఇది. భూతద్దం ఒకటి కొని జేబులో పెట్టుకోండి, ఫోన్ కెమెరాకు తగిలించేదైనా సరే. ఈనె వెనక నల్లటి గుల్లలు, గుండ్రటి కన్నాలు ఎక్కువగా కనిపిస్తే ఆ తోటకు మందు అవసరం లేదు. ఇంకా కన్నం పడని నల్లగుల్లలున్న ఈనెల్ని మట్టతో పాటు కాల్చేయకండి. నాలుగైదు ఈనెలు తెంపి, తెల్లదోమ కొత్తగా చేరిన పక్కవాళ్ల తోటకు తీసుకెళ్లి, అక్కడి చెట్టు మట్టలకు కట్టండి.